ఖాళీగా లేచిన చెంచా

నేను ఒక వెండి చెంచాను. అన్నం తినే చెంచాను కాను, కాఫీ రుచి చూసే చెంచాను. అంతకు ముందు పూజలో నీళ్ళు తీసుకునే ఉద్ధరిణిని. పేరి సోమయాజులు గారి తల్లి పూజ పళ్ళెంలో ముప్పై ఏళ్ళు ఉన్నాను. కాడ విరిగాక ఆయన నన్ను కరిగించి, గిన్నె లోతుగా, కాడ పొట్టిగా ఉండేట్టు మళ్ళీ చేయించారు. అమ్మవారికి నీళ్ళు మోసిన వెండినని నాకు కొంత గర్వం ఉండేది. అది ఎలా పోయిందో చెప్పాలి.

సోమయాజులు గారు విశాఖపట్నంలో ఒక కాఫీ కంపెనీలో రుచి చూసే ఉద్యోగం చేసేవారు. అరకు కొండల నుంచి వచ్చిన గింజలను పొడి కొట్టి, కప్పుల్లో కలిపి బల్ల మీద వరసగా పెడతారు. ఒక్కో కప్పులోంచి చెంచాడు తీసి, సుర్రుమని పీల్చి, పుక్కిలించి ఉమ్మేయాలి. మిగతావాళ్ళు చెంచాని పెదాలకు ఆనించి పీల్చేవారు. ఈయన మాత్రం నన్ను పైకెత్తి పోసుకునేవారు. ఎంగిలైన చెంచాని మళ్ళీ కప్పులో ముంచడమేమిటని ఆయన పట్టింపు. కొత్తవాళ్ళు నవ్వుకునేవారు. కాని ఆయన నాలుక ఎప్పుడూ తప్పు చెప్పలేదు. అందుకని ఆ నవ్వు వారం కంటే నిలిచేది కాదు.

ఆయన దగ్గర పని నేర్చుకున్న సుభాషిణి తర్వాత బీరు తయారుచేసే పనిలోకి వెళ్ళింది. నిరుడు మార్గశిర మాసంలో ఒకరోజు ఇంటికి వచ్చింది.

"మాస్టారూ, ఈ చలికాలానికి మూడు రకాల స్టౌట్ చేశాను. బార్లీని నల్లగా వేయించి చేసే బీరండీ. ఒకదాన్లో అరకు కాఫీ వేశాను, ఒకదాన్లో తాటిబెల్లం. మూడోది రాగులు వేయించి నా సొంత ఆలోచనతో చేసింది. మా ఓనరు ఒక్కటే అమ్ముతానంటున్నాడు. మీరు మా ఫ్యాక్టరీకి వచ్చి రుచి చూసి ఏది అంటే అది ఉంచుతాం. మిగతా రెండూ పారబోస్తాం."

"గురువారం గురువారం అమ్మవారి పూజ చేసుకుంటున్నానమ్మాయీ. నేను ఆ వస్తువు ముట్టను."

"మింగొద్దు మాస్టారూ. కాఫీ ఉమ్మినట్టే ఉమ్మేయండి. మామూలు వాళ్ళకి మింగితే గాని చివరి చేదు తెలీదు. మీ నాలుకకి ఆ అవసరం లేదు కదా."

ఆయన భార్య విశాలాక్షమ్మ వంటింట్లోంచే అంది: "ఉమ్మేదానికి అంత దూరం వెళ్ళాలా? మన పెరట్లో చోటు లేదా?"

ఆయన నవ్వి ఒప్పుకున్నారు. వ్రతం వద్దన్న పనిని ఒక్క పొగడ్త చేయించింది. మనుషుల్లో ఇది నేను చాలాసార్లు చూశాను.

బుధవారం మధ్యాహ్నం సుభాషిణి వాళ్ళ ఫ్యాక్టరీకి వెళ్ళాం. మూడు గ్లాసులు పెట్టారు. కిటికీ వెలుగులో కూడా లోపలికి చూపు పోనంత నలుపు, పైన కాఫీ రంగు నురగ. మొదటి గ్లాసులో నన్ను ముంచి, ఎత్తి పోసుకుని, పుక్కిలించి ఉమ్మారు. "కాఫీ ముందుకొచ్చి నిలబడింది. బీరు దాని వెనకాల దాక్కుంది" అన్నారు. సుభాషిణి మురిసిపోయింది. రెండోది తాటిబెల్లం. "మొదట తీపి, వెంటనే పొగ..." అంటుండగా దగ్గు వచ్చింది. ఉమ్మేలోపల ఒక గుక్క గొంతులోకి జారింది.

నా కాడ మీద ఆయన వేళ్ళు చల్లబడ్డాయి. మరునాడు గురువారం. పెదాలు ఏదో నామం పలుకుతున్నాయి.

మూడో గ్లాసులోకి నన్ను దించారు. నురగ దాకా దించి ఆపారు. అక్కణ్ణుంచే పైకెత్తి, ఎప్పటిలాగే తల వెనక్కి వంచి, సుర్రుమని పీల్చారు. పుక్కిలించారు. ఉమ్మారు. నాలో ఒక్క చుక్క లేదు. ఎప్పుడూ ఎత్తి పోసుకునే మనిషి కనక నా గిన్నెలో ఏముందో ఎవరికీ కనబడలేదు. ఎంగిలి కాకూడదని పెట్టుకున్న ఆచారం ఆ రోజు అబద్ధానికి తెర అయింది.

"మాడింది" అన్నారు. వేయించిన రాగుల వాసన పట్టుకుని ఊహించిన మాట అది.

"మాడిందా మాస్టారూ? నాకు తెలీలేదే!"

"నీకు తెలిస్తే నన్నెందుకు పిలుస్తావు?"

సుభాషిణి తల వంచుకుని పుస్తకంలో రాసుకుంది. తాటిబెల్లం స్టౌట్ నెగ్గింది.

ఇంటికి రాగానే నన్ను కడిగి, ఎప్పటిలాగే పూజగదిలో పంచపాత్ర పక్కన పెట్టారు. మరునాడు పూజలో ఆయన రెండుసార్లు మంత్రం తప్పారు.

తర్వాతి గురువారం పూజ అయ్యాక సుభాషిణి వచ్చింది. చేతిలో ఒక సీసా, ఆ పుస్తకం.

"రాగులదంతా కాలవలో పోయించేశాను మాస్టారూ. ఎక్కడ మాడిందో తెలుసుకుందామని ఆరు సీసాలు దాచుకున్నాను. ఇదే ఆఖరిది. రోజూ చూస్తున్నాను, నాకు మాడు తగలట్లేదు. నా నాలుక పనికిరాదు. ఈ పని మానేద్దామనుకుంటున్నాను. మానేముందు ఆ మాడు ఏదో ఒక్కసారి చూపించండి."

విశాలాక్షమ్మ ప్రసాదం పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. సోమయాజులు గారు లేచి, పూజగదిలోంచి నన్ను తెచ్చారు. సీసా విప్పి గ్లాసులో పోశారు. ఈసారి నన్ను అంచుదాకా నింపారు. నోట్లో పోసుకుని మింగారు. నన్ను గ్లాసు పక్కన పెట్టారు.

"మాడు లేదమ్మా."

"మరి ఆ రోజు?"

"ఆ రోజు చెంచా ఖాళీ. రెండోది కాస్త గొంతులోకి పోయింది. వ్రతం చెడిందని భయం వేసింది. మూడోది ముట్టలేదు."

సుభాషిణి ఆయన వైపు చూడలేదు. నా వైపు చూసింది. నేను ఎక్కడికి పోయి దాక్కోను?

"ఖాళీ చెంచాతో సుర్రుమన్నారా మాస్టారూ?"

"అన్నాను. మూడింట్లోకీ ఇదే మంచిది. నీ నాలుకలో తప్పేం లేదు."

"భయమేసిందని చెప్తే సరిపోయేది కదండీ. నేనేమైనా అనుకునేదాన్నా?"

ఆయన పుస్తకం తీసుకుని 'మాడింది' అన్న మాట కొట్టేసి, కింద సంతకం పెట్టారు. సుభాషిణి నన్ను అందుకుని గ్లాసులో ముంచి, పెదాలకు ఆనించి, కళ్ళు మూసుకుని తాగింది. నేను మొదటిసారి ఎంగిలయ్యాను. తర్వాత విశాలాక్షమ్మ చేతిలోంచి ప్రసాదం తీసుకుని వెళ్ళిపోయింది.

విశాలాక్షమ్మ నన్ను చింతపండు పెట్టి తళతళలాడేట్టు తోమింది. "పోయిందండీ, ఇక లోపల పెట్టండి."

"దానికి అంటింది బీరు కాదే" అన్నారాయన. అప్పటినుంచీ నేను వంటింటి అరలోనే ఉన్నాను.

అమ్మవారి లెక్కలో ఏది తప్పో నాకు తెలియదు. తెలియక మింగిన గుక్కా, తెలిసి ముట్టని చుక్కా? నాకు తెలిసింది ఒక్కటే. నన్ను తాకిన గ్లాసుల మరక చింతపండుకి వదిలింది. ఆ రోజు తాకని గ్లాసుది వదల్లేదు.

ఈ మార్గశిరంలో సుభాషిణి మళ్ళీ రాగుల స్టౌట్ చేసింది. మాస్టారిని పిలవలేదు. ఫోనులో ఒక్క ముక్క పంపింది: "బాగా కుదిరింది మాస్టారూ. నేనే చూసుకున్నాను." ఆయన దాన్ని విశాలాక్షమ్మకి రెండుసార్లు చదివి వినిపించారు. తర్వాత అరలోంచి నన్ను తీసి, గిన్నెలోకి కాసేపు చూసి, మళ్ళీ అక్కడే పెట్టేశారు.