నూరాకు డూప్

ఆ శుక్రవారం నేను నోరు మూసుకుని కూర్చుని ఉంటే ఈ గొడవే లేదు.

సౌదీలోని హుఫూఫ్‌లో మా క్యాంపు గదిలో ఆరుగురం ఉండేవాళ్లం. ప్లంబర్ లింబాద్రి బజారుకు పోయి మెమరీ కార్డు నిండా పాత సినిమాలు వేయించుకొచ్చాడు. నిజామాబాద్ జిల్లా మనిషి. డెబ్బైల్లో తీసిన చవకబారు సినిమాలంటే పడి చస్తాడు. దొంగలరాణులు, దయ్యాల బంగళాలు, కత్తి పట్టి పగ తీర్చుకునే ఆడవాళ్లు. ఆ రోజు పెట్టిందీ అలాంటిదే. మండుతున్న గుడిసె కప్పు మీద నుంచి పసుపు చీర కట్టుకున్న హీరోయిన్ కిందికి దూకింది. అందరూ ఈలలు వేశారు. లింబాద్రి వెనక్కి తిప్పి మళ్లీ చూపించాడు. మూడోసారి తిప్పబోతుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

"ఆపరా! ఆ దూకింది ఆయమ్మ కాదు, నేను" అన్నాను.

గదంతా గొల్లుమంది. "ఏందే చిచ్చా, నువ్వు చీర గట్టినవా?" అంటూ లింబాద్రి కడుపు పట్టుకుని నవ్వాడు. చొక్కా విప్పి వీపు చూపించాను. నవ్వులు ఆగిపోయాయి.

మాది ప్రొద్దుటూరు. ఇరవై ఏళ్లప్పుడు మద్రాసు పోయి ఫైటర్ల గుంపులో చేరాను. సన్నగా, పొట్టిగా ఉండేవాణ్ణి కాబట్టి హీరోయిన్లకు డూప్ వేయించేవాళ్లు. దూకడాలకు ఆడవాళ్లు దొరక్క మగవాళ్లకే సవరం పెట్టి, చీర కట్టి, కెమెరాకు వీపు తిప్పి దూకమనేవాళ్లు. ఆ సినిమాల బతుకు నాకు బాగా తెలుసు. పెద్ద కంపెనీలు వాడగా మిగిలిన ఫిల్ము ముక్కలు కొనుక్కొచ్చి తీసేవాళ్లు. ఒక్కసారి తగలబెట్టిన గుడిసెను మూడు సినిమాల్లో చూపించేవాళ్లు. కథ ఏదైనా వాన పడాల్సిందే, చీర తడవాల్సిందే, పోస్టరు మీద చిరిగిన రవిక ఉండాల్సిందే. పేరుకు ఆడదాని పగ, అమ్ముకునేది ఆడదాని ఒళ్లు.

ఆ గుడిసె షాట్‌కు నూలు చీర ఇవ్వమని అడిగాను. నైలాన్ అయితేనే మెరుస్తుందన్నాడు డైరెక్టరు. చీరకు నిప్పంటుకుని వీపు కాలిపోతోంది. తడి గోనెసంచితో పరిగెత్తుకొస్తున్నవాణ్ణి, షాట్ పాడైపోతుందని కెమెరా ఆగేదాకా ఆపాడు ఆ దుర్మార్గుడు. నన్ను ఆస్పత్రి మెట్ల మీద దించేసి మధ్యాహ్నం మళ్లీ షూటింగు చేసుకున్నారు. ఎవరూ చూడ్డానికి రాలేదు. ఇక ఎవరి బదులూ నిలబడనని ఆ మంచం మీదే ఒట్టు పెట్టుకున్నాను.

ఇదంతా గదిలో చెప్పాను. మర్నాటికల్లా ఆఫీసుకు చేరింది.

ఒక కాంట్రాక్టు కంపెనీ ఆఫీసులో టీలు ఇచ్చి, నేల తుడిచే పని నాది. పంతొమ్మిదేళ్లుగా అదే పని. అది నితాకత్ ఏడాది. ప్రతి కంపెనీలోనూ ఇంతమంది సౌదీలు ఉండాలని లెక్క. ఉంటే ఆకుపచ్చ, లేకపోతే ఎరుపు. ఎరుపులో పడ్డ కంపెనీలో మాలాంటివాళ్ల ఇకామాలు, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డులు, రెన్యూ కావు. మాది ఎరుపు. నా ఇకామా తీరిపోయి ఐదు నెలలు. సర్కారు ఇచ్చిన గడువు ఇంకో మూడు వారాలు, ఆ తర్వాత రోడ్డు మీద కనబడితే పోలీసులు ఎత్తుకుపోతారు.

ఇంటి దగ్గర మా ఆవిడ మహబూబ్బీకి గర్భసంచిలో గడ్డ. వెంటనే తీసెయ్యాలన్నారు డాక్టర్లు. ఆమెది ఒకటే పట్టు, నేను వచ్చి కాగితం మీద సంతకం పెట్టి పక్కన నిలబడితేనే బల్ల ఎక్కుతానని. కంపెనీ ఎగ్జిట్ స్టాంపు కొట్టిస్తే గాని దేశం దాటలేం, దానికోసం నేను ఆఫీసులో రఫీ చుట్టూ కాళ్లరిగేలా తిరుగుతున్నాను. నెల్లూరు కుర్రాడు, కంపెనీ కాగితాలన్నీ అతనే చూస్తాడు.

ఆ రఫీ నన్ను లోపలికి పిలిచి తలుపు వేశాడు.

"బాషా అన్నా, చిన్న హెల్ప్. రేపు లేబర్ ఇన్‌స్పెక్షన్ ఉంది. మన పేపర్స్‌లో నూరా అని ఒక సౌదీ లేడీ ఉంది. నేమ్ మాత్రమే, మనిషి ఎప్పుడూ రాలేదు. ఆమె లెక్కలోకి వస్తే కంపెనీ గ్రీన్. రేపు రమ్మంటే వాళ్లింట్లో ఒప్పుకోవడంలేదు."

"దానికి నేనేం చేయాలప్పా?"

"ఆమె సీట్లో కూర్చోవాలన్నా. అబాయా, నిఖాబ్, గ్లవ్స్ అన్నీ నేనే తెస్తా. ఇన్‌స్పెక్టర్ జెంట్స్ కదా, లేడీస్ సెక్షన్ కర్టెన్ దాటి రాడు. నువ్వు మాట్లాడబాక, అంతే. ఫిఫ్టీన్ మినిట్స్. నీకేమన్నా కొత్తా?"

చెంప పగలగొట్టాలనిపించింది. ఈ దేశంలో మగవాడు ఆ బట్టల్లో దొరికితే ఏమవుతుందో వాడికి తెలియదా?

"దొరికితే జైలు నీకా, నాకా?"

"ఎందుకు దొరుకుతావన్నా? ఇన్‌స్పెక్షన్ అయిపోతానే నీ ఎగ్జిట్ స్టాంప్. ప్రామిస్."

మహబూబ్బీ మొహం కళ్లలో మెదిలింది. ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను.

మర్నాడు పది గంటలకు ఒళ్లంతా కప్పే నల్ల అబాయా, కళ్లు తప్ప మొహమంతా మూసే నిఖాబ్ వేసుకుని నూరా కుర్చీలో కూర్చున్నాను. ముందు కంప్యూటరు, పక్కన తెర. రఫీ తొంగి చూసి మురిసిపోయాడు.

"సూపర్ అన్నా! నెక్స్ట్ మంత్ ఫాలోఅప్ ఉంటుంది, అప్పుడు కూడా నువ్వే."

"వచ్చే నెలకు నేను ఊర్లో ఉంటా గదా. స్టాంపు కొట్టిస్తానంటివే?"

"అన్నా, కంపెనీ గ్రీన్‌లోకి వస్తే నీ ఇకామా రెన్యూ అయిపోద్ది. ఇంక ఎగ్జిట్ దేనికి? మేనేజర్‌తో మాట్లాడేశా, నిన్ను ఇప్పుడే వదలం."

"మరి మహబూబ్బీ ఆపరేషను?"

"దానికి నువ్వేం చేస్తావు? డాక్టర్లు చేస్తారు" అని నవ్వాడు. మెట్ల మీద బూట్ల చప్పుడైంది. తెర లాగేసి పరిగెత్తాడు.

నా ఆడమనిషి కడుపులో గడ్డ పెరుగుతుంటే, నేను ఇక్కడ లేని ఆడమనిషికి ఆకారం ఇస్తున్నాను. నా అంత వెధవ లేడు.

తెర అవతల ఒక కుర్రగొంతు సలాం చెప్పింది. ఎంతో మర్యాదగా "యా ఖాలా" అంది. పిన్నమ్మా అని. "మీకు ఇక్కడ ఇబ్బంది ఏమీ లేదు కదా? సెలవులు సరిగ్గా ఇస్తున్నారా? ఎవరైనా ఒత్తిడి చేస్తున్నారా? భయపడకండి. మీ కోసమే వచ్చాను, చెప్పండి" అని అరబ్బీలో అడిగి ఓపిగ్గా నిలబడ్డాడు.

పంతొమ్మిదేళ్లు. ఆ కుర్చీ దుమ్ము తుడిచింది నేను. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు నన్ను ఆ మాట అడగలేదు. ఒక్కరోజు కూడా రాని నూరాను అడుగుతున్నాడు.

"ఆమెకు సిగ్గు" అన్నాడు రఫీ గొంతు.

లేచి తెర లాగాను. నిఖాబ్ ఎత్తాను. తెల్లమీసం చూసి ఇన్‌స్పెక్టరు రెండడుగులు వెనక్కి వేశాడు.

"అడిగావు కాబట్టి చెబుతున్నా నాయనా" అన్నాను, నాకొచ్చిన అరబ్బీలో, నా మగగొంతుతోనే. "నా పేరు బాషా. ఇకామా తీరిపోయి ఐదు నెలలు. మూడేళ్లుగా సెలవు లేదు. నా భార్యకు ఆపరేషను, ఎగ్జిట్ ఇవ్వరు. ఒత్తిడి అంటావా, ఈ బట్టలు చూడు."

ఆ పిల్లవాడి చేతిలోంచి ఫైలు జారిపోయింది. రఫీ మూడు భాషల్లో నాకు పిచ్చి అని అరుస్తున్నాడు. ఇన్‌స్పెక్టరు నన్ను ఇంకొక్క ముక్క అడగలేదు. ఖాలా అని పిలిచిన నోటితోనే పోలీసులను పిలిచాడు.

కేసు నా మీదే పెట్టారు, ఆడవేషం వేసినందుకు. నాకు నేనే మతిచెడి ఆ బట్టలు వేసుకున్నానని రఫీ రాసిచ్చాడు. నెల తిరక్కుండా కంపెనీ ఆకుపచ్చలోకి వచ్చిందని లింబాద్రి చెప్పాడు. నూరా పేరు ఇంకా ఆ కాగితాల మీద ఉందట. తలుచుకుంటే ఇప్పటికీ నా రక్తం ఉడికిపోతుంది.

జైల్లో వారానికి ఒక్కసారి ఫోను. మొదటి వారం మహబూబ్బీకి అంతా చెప్పాను. ఆమె ఏడ్చి, "నువ్వొచ్చేదాకా ఆగుతాలే" అంది.

"ఆగొద్దు!" అని అరిచాను. కావలివాడు తిరిగి చూశాడు. "శిక్ష అయినంక నన్ను ఊరికి పంపుతారంట, ఎప్పుడో తెలీదు. ఆ గడ్డ ఆగుతుందా? రేపే పో."

"సంతకం ఎవరు పెడతారయ్యా?"

"నువ్వే పెట్టు. నీ కడుపు నీది. నడమన నేనెందుకు?"

"నాకు రాయను రాదు గదా."

"వేలిముద్ర వెయ్. ఎవురినీ పిలవద్దు, నీ వేలే వెయ్."

ఫోను కట్ అయింది. ఆ ఏడు రోజులు నేను తిన్నదీ లేదు, పడుకున్నదీ లేదు.

తర్వాతి వారం చాలాసేపు మోగాక ఫోను ఎత్తింది మహబూబ్బీయే. గొంతు నీరసంగా ఉంది, కుట్లు తడవనీయొద్దని నర్సు చెప్పడం వెనక నుంచి వినబడింది.

"వేసినా" అంది.