ఏట్లో కలవని పటం

అద్దం మీద కొలబద్ద ఆనించి, కిరసనాయిల్లో ముంచిన కత్తితో పీరయ్య ఒక్క గీత గీశాడు. బొటనవేళ్లతో నొక్కగానే అద్దం ఆ గీత వెంటే విరిగింది. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు పక్క సందులో ఉన్న ఆ ఫ్రేముల దుకాణంలో అతను చేరి ముప్పైయొక్క ఏళ్లు. వేళ్ల నిండా తెల్లటి గాట్లు, గోళ్ల సందుల్లో ఎండిన జిగురు. అశోక్ నగర్‌లో చదివి కొలువు కొట్టినవాళ్ల సన్మాన పత్రాలూ, నారాయణగూడ ఇళ్లలో పోయినవాళ్ల ఫొటోలూ అతని చేతి మీదుగానే గోడలెక్కాయి.

పదకొండు దాటాక మనోరమ అనే ఆవిడ వచ్చింది. హిమాయత్‌నగర్‌లో హోటలు తెరుస్తోందట. వెదురుకర్రకు చుట్టిన పొడుగాటి గుడ్డను బల్ల మీద విప్పింది. ఎర్రరంగు మీద ఒకదాని కింద ఒకటి ఏడు బొమ్మలు: రాజు, గుర్రం, పులివేట, పెళ్లి, యుద్ధం...

"ఏ బొమ్మకా బొమ్మ కోసి ఏడు ఫ్రేములు కట్టాలి. గోడకి వరసగా పెడతాం."

"మా పీరయ్య చేతిలో పడితే వెంట్రుకవాసి తేడా రాదండీ," అన్నాడు యజమాని విశ్వేశ్వరరావు.

పీరయ్య చూపు పెళ్లికూతురి పమిట దగ్గర ఆగిపోయింది. అక్కడ చిన్న కాలిన చిల్లి. ఎనిమిదేళ్లప్పుడు దీపం ఒలకబోసింది తనే. తండ్రి కథ ఆపకుండానే వీపు మీద ఒక్కటి చరిచాడు.

కల్వకుర్తి వైపు ఊళ్లలో తండ్రి ఈ పటం వేలాడదీసి, పుల్లతో బొమ్మలు చూపిస్తూ కథ పాడేవాడు. అన్న వంత పాడేవాడు. పీరయ్యవి తాళాలు. కథ ముగిశాక గడపగడపకూ జోలె పట్టాలి. బడిలో తన పక్కన కూర్చునే పిల్లాడి గడప ముందు జోలె పట్టిన రోజు పీరయ్యకు తల కొట్టేసినట్టయింది. పదిహేడో ఏట పట్నం బస్సెక్కాడు. ఎవరడిగినా "మాది ఎవుసం" అని రైతుబిడ్డలా చెప్పుకునేవాడు. కన్నకూతురు అనితకు కూడా అదే చెప్పాడు. తండ్రి చావుకు వెళ్లొచ్చాక ఊరి ముఖం చూడలేదు. అన్నకు ఫోన్ నంబరైనా ఇవ్వలేదు.

"ఇందులో కథేంటో తెలుసా మీకు?" అడిగింది మనోరమ.

"నాకేం ఎర్కలేదు మేడం."

ఆవిడ వెళ్లిపోయింది. కథ చెప్పే వాళ్ల ఇళ్లల్లో ఆచారం ప్రకారం, పాతబడ్డ పటానికి మనిషికి చేసినట్టే కర్మ చేసి ఏట్లో కలపాలి. అన్న అమ్ముకున్నాడన్నమాట! ఆ కోపంతోనే కత్తి పట్టాడు. మొదటి కోత రాజుకూ గుర్రానికీ మధ్య పడింది. పెదవి కదలకుండానే లోపల పాట మొదలైంది. కోత పడ్డ ప్రతిచోటా ఆ పాటా తెగింది. మధ్యాహ్నం సద్ది విప్పబుద్ధి కాలేదు. చిల్లి కనపడకుండా వెనకనుంచి ఎర్ర కాగితం అతికించాడు.

సాయంత్రం మనోరమ వచ్చి ఫ్రేములు చూసి మురిసిపోయింది.

పీరయ్య ఉండబట్టలేకపోయాడు. "ఇది ఎవరమ్మిన్రు మేడం?"

"నర్సింహమ్మ అని ఒకావిడ. వాళ్లాయన ఈ కథలే చెప్పేవాడట. పోయినేడాది ఉగాది ముందు చనిపోయాడు పాపం. తమ్ముడొచ్చి దీన్ని ఏట్లో కలుపుతాడు, అందాకా ఎవరికీ ఇవ్వకు అన్నాడట. ఆ తమ్ముడు ఈ సిటీలోనే ఎక్కడో ఉన్నాడట. ఏడాది చూసింది. ఇంకెన్నాళ్లని చూస్తుంది?"

నర్సింహమ్మ పీరయ్యకు వదిన.

'ఆ తమ్ముణ్ణి నేనే' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. పొద్దున ఎర్కలేదన్న నోరు అది. ఎదురుగా విశ్వేశ్వరరావు. పీరయ్య గబుక్కున వంగి, కింద గాజుపెంకులు ఏరసాగాడు. కింద పెంకులేమీ లేవు.

"పాపం," అన్నాడు బల్ల కిందనుంచే.

ఫ్రేములు ఆటో ఎక్కాయి. "అది నాకొద్దు, పారేయండి," అని బల్ల మీదికి చెయ్యి చూపించి మనోరమ వెళ్లిపోయింది.

పీరయ్య చాలాసేపటికి లేచాడు. బల్ల మీద పటం చుట్టే వెదురుకర్ర ఒక్కటే మిగిలి ఉంది. దాని ఒక కొస, అన్న పట్టుకునే చోట, అరచేతి చెమటకు నల్లబడి నున్నగా మెరుస్తోంది.