పంచాయితీలో పార

పొద్దున్నే మిరపతోటకు నీళ్లు మళ్లించే దగ్గర మాటామాటా పెరిగి, అష్రఫ్ పారతో సొంత అన్న గఫూర్ తల పగలగొట్టాడు. ఆసుపత్రికి తీసుకెళ్తే పోలీసు కేసవుతుందని, ముందు పంచాయితీ తేలాలని పెద్దమనుషులు ట్రాక్టర్‌ను ఆపేశారు. ఆ ఊరి పద్ధతి అది. కొట్టిన ఆయుధాన్ని మధ్యలో పెట్టి, చుట్టూ కుర్చీలేసుకుని, తేలేదాకా మాట్లాడతారు.

గఫూర్ భార్య కరీమున్ భర్త తలను ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. పంచాయితీ అంటే కొట్లాటను ఆపేదని చిన్నప్పుడు వాళ్ల నాన్న చెప్పాడు. ఇక్కడ ఆగింది ట్రాక్టరొక్కటే. నీళ్ల వంతు ముందు ఎవరిదన్న దగ్గరే మధ్యాహ్నం దాటిపోయింది. రెండోసారి టీ వచ్చింది. మూడో తువ్వాలు కూడా నెత్తుటితో ముద్దయింది.

"మాస్టారూ, ఈయన పలకట్లేదండి," అంది.

"ఉండమ్మా, చివరికొచ్చేసింది," అన్నాడు పెద్దమనుషుల్లో పెద్దవాడైన రామమూర్తి. మరో గంటకు తీర్పు చెప్పాడు. "తప్పు అష్రఫ్‌దే. అన్న కాళ్లు పట్టుకోవాలి."

అష్రఫ్ వంగి అన్న పాదాలు పట్టుకున్నాడు. చల్లగా తగిలేసరికి చేతులు వెనక్కి లాక్కున్నాడు.

కరీమున్ భర్త తలను మెల్లగా అరుగు మీదికి దించింది. వెళ్లి మధ్యలో ఉన్న పార తీసుకుంది. ఎవరూ లేచేలోపే మరిది నెత్తిన రెండు దెబ్బలు వేసింది. ఎముక పగిలిన చప్పుడు అందరికీ వినబడింది.

ట్రాక్టర్ తెమ్మని పెద్దమనుషులు అరుస్తుంటే, ఆమె పారను మళ్లీ మధ్యలోనే పెట్టింది.

"కూర్చోండి మాస్టారూ," అంది. "ముందు పంచాయితీ తేలాలిగా."