క్వారీలో తెల్లగది

గోదావరిఖని చౌరస్తా దగ్గర సుమైరాకు చిన్న ఫొటో స్టూడియో ఉంది. ఆడవాళ్ల వైపు మగ ఫొటోగ్రాఫర్లను రానివ్వని ఇళ్లవాళ్లు పెళ్లిళ్లకు ఆమెనే పిలుస్తారు. పెళ్లికూతురి ముఖం మీద నీడ పడకుండా ఫొటో తీయడంలో ఆమెకు చెయ్యి తిరిగింది. అలాంటిది, బసంత్‌నగర్ దారిలో గుట్టల వెనకున్న సున్నపురాయి క్వారీ నుంచి ఫోన్ వచ్చేసరికి రాంగ్ నంబరేమో అనుకుంది.

ఫోన్ చేసింది రాజకుమారి. ఆ క్వారీలో జియాలజిస్టు. ఆమె చెల్లెలి పెళ్లికి ఫొటోలు తీసింది సుమైరానే.

"అక్కా, ఈడ గుహ బయటపడ్డది. మా ఫోన్లల్ల తీస్తే అంత నల్లగనే వస్తున్నది. నువ్వు జల్ది రావాలె."

డ్రిల్లు వేస్తుంటే ఒకచోట రాడ్డు ఉన్నట్టుండి సర్రున జారిపోయిందట. ఆ తర్వాత జరిగిన పేలుడుకు క్వారీ గోడలో మనిషి దూరేంత కంత తెరుచుకుంది. లోపల ఎంత డొల్ల ఉందో తెలియకుండా పైన లారీలు తిప్పడం కుదరదు గనక ఆ వైపు పని ఆపేశారు. కొలతలు తీసి, ఫొటోలతో సహా రిపోర్టు ఇచ్చే బాధ్యత రాజకుమారిది. పేలుళ్లు ఉండని ఆదివారాల్లోనే లోపలికి వెళ్లాలి.

మొదటి ఆదివారం ఇద్దరూ హెల్మెట్లు పెట్టుకుని మోకాళ్ల మీద పాకుతూ వెళ్లారు. డ్రిల్లు వేసిన నర్సింగం తాడు పట్టుకుని బయట కాపలా కూర్చున్నాడు. లోపల కంపెనీ క్వార్టరంత గది. గబ్బిలం వాసన లేదు, చీమ జాడ లేదు.

"మనకంటె ముందు ఈడికి ఎవ్వలు రాలేదక్కా," అంది రాజకుమారి, ఎవరో వింటారన్నట్టు గొంతు తగ్గించి.

సుమైరా కెమెరా పైకెత్తింది. వరసపెట్టి ఫ్లాష్ కొట్టింది. ఇంటికి వెళ్లి కంప్యూటర్లో చూస్తే గుహ లేదు. వాళ్లిద్దరి ఊపిరి ఆవిరే తెల్లటి పొగలా ప్రతి ఫొటోనూ కమ్మేసింది.

అప్పటి నుంచి ఆమెకు కుదురు లేకుండా పోయింది. పెళ్లిలో దండలు మార్చుకుంటుంటే ఆమె కళ్లు షామియానా మూలల్లోని చీకటిని వెతికేవి. అన్నం ముందు కూర్చుని సగంలో లేచి వెళ్లి ట్రైపాడ్ బిగించుకునేది. వాళ్ల నాన్న అస్గర్ ఇదంతా గమనిస్తూనే ఉన్నాడు. ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి. ఇప్పటికీ తలుపు మూసిన గదిలో పడుకోలేడు, వానాకాలమైనా వరండాలోనే మంచం.

"నువ్వు గూడ ఒక్కసారి రా అబ్బా. చూద్దువు," అంది సుమైరా.

"బాయిలకెళ్లి పానంతోని బయటవడ్డ. మళ్ల బొందల దిగుమంటవా? నువ్వు గూడ పోకు."

ఆమె వినలేదు. రెండో ఆదివారం పద్ధతి మార్చింది. కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టి, షట్టరు తెరిచి ఉంచి, దీపాలన్నీ ఆర్పేసింది. ఆ కటిక చీకట్లో రాజకుమారి ఫ్లాష్ చేత్తో పట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఒక్కో రాతి వెనక నుంచీ ఒక్కోసారి కొట్టింది. ఈసారి కెమెరా తెర మీద గుహ కనిపించింది. ఎండిపోయిన వాగు ఇసుకలా అలలు అలలుగా ఉన్న గోడలు చూసి ఇద్దరూ చిన్నపిల్లల్లా అరిచారు.

మూడో ఆదివారం, మూలనున్న కంతలోంచి చల్లగాలి వస్తోందని అటు పాకారు. అవతల తెల్లగది. కప్పు నుంచి సేమ్యాల్లాంటి సన్నటి రాతి గొట్టాలు వందలుగా వేలాడుతున్నాయి, ఒక్కోదాని కొసన ఒక్కో నీటిబొట్టు. నేల పేరిన నెయ్యిలా ఉంది. మరక పడుతుందని సుమైరా బూట్లు విప్పేసింది. వెనక నుంచి వెలుగు పడితే రాయి లోపల దీపం పెట్టినట్టు మెరిసింది.

కొలతలు చూసుకున్న రాజకుమారి ముఖం మాత్రం వాడిపోయింది.

"కప్పు శానా పల్చగ ఉన్నదక్కా. పైకెళ్లి లారీ పోతె కూలుతది. రిపోర్టుల గదే రాయాలె."

"రాస్తె?"

"పైకెళ్లి కూలగొట్టి చదును చేస్తరు."

"రాయకు మరి!"

"రాయకుంటె ఎవ్వలో ఒక డ్రైవరు పోతడు. ఆ పాపం నువ్వు మోస్తవా, నేను మొయ్యాల్నా?"

సుమైరా దీపాన్ని గది చివరికి తిప్పింది. అక్కడ ఇంకో పగులు ఉంది. దాని అవతల ఇంతకన్నా పెద్దది ఉంటే? అది చూపిస్తే ఎవరైనా వచ్చి ఆపుతారేమో? వారమంతా ఆ పగులే ఆమె కళ్లముందు ఆడింది.

నాలుగో ఆదివారం, రాజకుమారి మొదటి గదిలో టేపు చుట్టుకుంటుండగా, సుమైరా చెప్పకుండా ఆ పగుల్లోకి దూరింది. ఒక చెయ్యి ముందుకు, ఒక చెయ్యి ఒంటి కింద. ఒక బార పాకాక ఛాతీ పట్టేసింది. ముందుకు రాదు, వెనక్కు రాదు. చెంప రాతికి ఆనుకుంది. దీపం వెలుగులో కనిపించింది ఇంకో రాయి, అంతే. గది లేదు, ఏమీ లేదు.

అరుపు విని రాజకుమారి వచ్చి కాళ్లు పట్టి లాగింది, కదల్లేదు. నర్సింగంతో రెస్క్యూ వాళ్లకు ఫోన్ చేయించింది. సరిగ్గా అప్పుడే బయట పెట్టిన సుమైరా ఫోన్ మోగింది. ఆదివారమైతే చాలు, అస్గర్ ఊరికే ఫోన్ చేస్తూ ఉంటాడు. నర్సింగం ఎత్తి ఉన్నమాట చెప్పేశాడు.

రెస్క్యూ వాళ్ల కంటే అస్గర్ స్కూటరే ముందొచ్చింది.

సుమైరాకు మొదట చీలమండ మీద చెయ్యి తగిలింది. గరుకు చెయ్యి. ఆ తర్వాత గొంతు.

"రో నక్కో బేటీ. ఏడిస్తె ఛాతీ ఉబ్బుతది."

"అబ్బా... నువ్వెట్ల వచ్చినవ్?"

"మాట్లాడకు. ఊపిరి మొత్తం ఇడిసిపెట్టు. ఇంకా. ఇంకా."

ఊపిరి ఖాళీ అయిన క్షణంలో అతను గుంజాడు. జానెడు కదిలింది. మళ్లీ ఊపిరి, మళ్లీ గుంజుడు. గడ్డం చెక్కుకుపోయి, కమీజు చిరిగి, చివరికి తెల్లగదిలోకి వచ్చి పడింది సుమైరా.

తిడతాడనుకుంది. కానీ అస్గర్ గోడకు ఆనుకుని కూలబడ్డాడు. ఒంటి మీద చెమట ధారలు.

"దీపాలు పెట్టున్రి. అన్ని పెట్టున్రి," అన్నాడు.

ఉన్న దీపాలన్నీ వెలిగించారు. అస్గర్ తల పైకెత్తాడు. వేలాడుతున్న గొట్టాలను ఆ కొస నుంచి ఈ కొస దాకా చూశాడు.

"భూమి లోపట గిట్ల గూడ ఉంటదా?" అన్నాడు చివరికి. "మాకు బొగ్గే కనవడేది బేటీ. ఎదురుంగ బొగ్గు, మీదికెళ్లి ఎప్పుడు కూలుతదో అన్న ఫికరు. గంతే."

సుమైరా చెంపల మీది మట్టి తుడుచుకుని, కెమెరా అతని వైపు తిప్పి షట్టరు తెరిచింది. ఆ గదిలో మనిషి ఉన్న ఫొటో అదొక్కటే. రాజకుమారి రిపోర్టులో ముందు పేజీకి దాన్నే ఎంచుకుంది. పక్కన మనిషి లేకపోతే గది ఎంత ఎత్తో చూసేవాళ్లకు తెలియదంది. కప్పు సంగతి కూడా ఉన్నదున్నట్టే రాసింది. సుమైరా ఈసారి అడ్డు చెప్పలేదు.

కూల్చిన రోజు తండ్రీకూతుళ్లు, పేలుడు సైరను మోగాక ఎవరూ దాటకూడని హద్దు అవతల నిలబడ్డారు. నేల అదిరింది. తెల్లటి దుమ్ము లేచి గుట్ట మీదుగా సాగిపోయింది. సుమైరా కెమెరా సంచీ జిప్పు కూడా తీయలేదు.

ఆ తర్వాతి ఆదివారం పొద్దున్నే లేచి బ్యాటరీలు ఛార్జింగు పెట్టింది. పెట్టాక గానీ గుర్తు రాలేదు, వెళ్లడానికి చోటే లేదని. స్టూడియోకు బయల్దేరి వెనక్కొచ్చింది. వాకిట్లో అటూ ఇటూ తిరిగింది.

అస్గర్ స్కూటరు బయటికి తీశాడు.

"కెమెరా పట్కో. నేను దిగిన బాయి చూపిస్త. మూసేసిన్రు గని చుట్టుముట్టు తిరగొచ్చు."

ఇన్నేళ్లలో అతను ఆ దారి పట్టడం ఆమె చూడలేదు. మూసేసిన బాయి దగ్గర తుమ్మచెట్లు ఏపుగా పెరిగాయి. అస్గర్ ఒకచోట నిలవలేదు. "ఈడ దీపాలిచ్చే గది. గీడ హాజరు పిలిచేటోళ్లు. ఇటు రా, జల్ది రా," అంటూ ముళ్లను పక్కకు నెట్టుకుంటూ ముందుకు పోతున్నాడు. సుమైరా లెన్సు మూత జేబులో వేసుకుని వెనకాలే పరుగెత్తింది.