మొదటి నీళ్ళు

తడి ఇసుక... చేతివేళ్ళకు చల్లగా తగులుతుంది.

ఇంకాస్త తవ్వితే నీరు ఊరుతుంది.

సముద్రం పక్కనే అరుస్తూ ఉంటుంది — అయినా ఈ ఊట తియ్యగా ఉంటుంది.

మా పాలెం ఆడవాళ్ళం తెల్లారేసరికి తాటిచెట్ల కింద చెలమలు తవ్వుకుంటాం. బోర్లన్నీ ఉప్పెక్కాక తాగడానికి మిగిలింది ఈ ఊటే. మొదట ఊరిన నీళ్ళు మట్టిమట్టిగా ఉంటాయి. వాటిని కొబ్బరిచిప్పతో తోడి పారబోయాలి. తర్వాత ఆగాలి. ఇసుక కిందికి దిగేదాకా... నీళ్ళలో మన ముఖం మనకు కనిపించేదాకా.

అప్పుడు నాలుక మీద ఒక చుక్క.

ఉప్పు మోసం చెయ్యదు. నాలుకకు చెప్పి మరీ వస్తుంది.

నా కూతురు డెబోరా వెతికేది అలా చెప్పి వచ్చేది కాదు.

కొండల అవతల, భూమి లోపల, యురేనియం తవ్వే గని ఉంది. చుట్టుపక్కల పల్లెల్లో భూమిలోని నీళ్ళు ఎలా ఉన్నాయో కనిపెట్టడం డెబోరా ఉద్యోగం. బోర్ల దగ్గరికి వెళ్ళి సీసాల్లో నీళ్ళు పడుతుంది. ఐసుపెట్టెలో సర్ది ల్యాబుకు పంపుతుంది.

"దానికి రంగుండదు మా. వాసనుండదు. రుచి గూడా ఉండదు" అని ఒకసారి ఫోనులో చెప్పింది.

అంటే... నాలుకకు తెలియదు.

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు.

పోయిన ఏడు దానికి కడుపు నిలవలేదు. ఎవరికైనా జరిగేదే అంది డాక్టరమ్మ. ఇప్పుడు మళ్ళీ కడుపుతో ఉంది. నాకెప్పుడూ చెడే తోస్తుందని మా ఆయన విసుక్కుంటాడు. నిజమే. ఫోను మోగితే చెడు. మోగకపోతే ఇంకా చెడు. మోకరించి ప్రార్థన చేస్తున్నా మూసిన కళ్ళ వెనక నీళ్ళే... సీసాల్లో నీళ్ళు.

అందుకే చెలమ నీళ్ళు క్యానులో పట్టుకుని బస్సెక్కాను. ఆత్మకూరు దాటి, కొండలెక్కి, కొండలు దిగి — దారి పొడుగునా ఒడిలో క్యాను. పసిబిడ్డలా.

"ఏందిమా ఇది! బస్సులో ఎవురూ నవ్వలేదా?"

"నవ్వితే నవ్వనీ. నువ్వు ఇయ్యే తాగు."

డెబోరా నవ్వింది. నవ్వులో కూడా ముఖం పాలిపోయే ఉంది.

మరుసటి రోజు దాని వెంట నేనూ వెళ్ళాను, క్యాను చంకన పెట్టుకుని. అరటితోటల మధ్య ఓబులమ్మ ఇల్లు. వాకిట్లో బోరు. డెబోరా మోటారు వేసి, నీళ్ళను కాసేపు ఊరికే పోనిచ్చింది.

"గొట్టంలో నిలవున్నయి పోవాల మా. మొదటి నీళ్ళు పారబోయాల."

మా చెలమ దగ్గరలాగే.

ఆ నీళ్ళతోనే సీసా కడిగింది. పారబోసింది. మళ్ళీ కడిగింది. నిండా పట్టి మూత బిగించింది.

ఓబులమ్మ గ్లాసుతో వచ్చింది.

"ఎప్పుడూ సీసాలకు పోసుకొని పోతావు పాపా. బాగుండాయా, బాగలేవా అంటే నోరిప్పవు. మా నీళ్ళు సీసాకైతే పనికొస్తాయి, నీ గొంతుకు పనికిరావా?"

"రిపోర్టు రావాలవ్వా. అంతదాకా నేను ఏమీ చెప్పకూడదు."

"చెప్పొద్దులే. తాగు."

వాకిట్లో మంచినీళ్ళిస్తే వద్దనకూడదు. మా తీరంలోనైనా, వాళ్ళ కొండల్లోనైనా అదే మర్యాద. డెబోరా ఒక చెయ్యి చాచింది. రెండో చెయ్యి — తనకు తెలియకుండానే — పొట్ట మీదికి వెళ్ళింది.

గ్లాసు నేను అందుకున్నాను.

"ఎండన పడి వచ్చినాను అక్కా, ముందు నాకియ్యి."

కళ్ళు మూసుకున్నాను. ప్రభువా...

"నీళ్ళకు గూడా దండం పెట్టుకుంటారా మీ తట్టు?" ఓబులమ్మ పకపకా నవ్వింది.

తాగాను. చివరి చుక్కదాకా.

తియ్యగా ఉన్నాయి. మా చెలమ ఎన్నడూ ఎరగనంత తియ్యగా...

"కొబ్బరినీళ్ళ మాదిరి ఉండాయక్కా!"

ఆమె ముఖం వెలిగింది. ఉప్పు మధ్య బతికినదాన్ని కదా — నా నాలుకను నమ్మింది. "ఇన్యావా మే! సముద్రం కాడ్నించి వచ్చినామె చెప్తాంది!" అని లోపలికి కేకేసింది.

డెబోరా తల దించుకుంది.

ఓబులమ్మ కోడలు గడపలోకి వచ్చింది. నిండు చూలాలు. చంకలో ఖాళీ బిందె.

ఓబులమ్మ కోడలి పొట్ట వంక చూసింది. నా కూతురి పొట్ట మీదున్న చేతిని చూసింది. తర్వాత నన్ను చూసింది.

వెలుగు ఆరిపోయింది.

"నీ బిడ్డకొద్దని నువ్వు తాగినావు..." గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. "నా కోడలి నీళ్ళు ఎవురు తాగుతారమ్మా?"

మోటారు ఆడుతూనే ఉంది. నీళ్ళు పడుతూనే ఉన్నాయి.

చంకలోని క్యాను దించి ఆమె అరుగు మీద పెట్టాను. ఎన్నాళ్ళొస్తాయని ఆమె అడగలేదు. అవి అయిపోయాక ఏమిటని నేనూ అనుకోలేదు... అనుకున్నాను. పైకి అనలేదు.

ఊరికి వచ్చేశాను. కొన్నాళ్ళకు డెబోరాకు ఫోను చేశాను.

"రిపోర్టు వచ్చిందామ్మే?"

"ఇంకా రాలేదు మా."

"నువ్వేం తాగుతుండావు?"

అవతల గాలి చప్పుడు. ఆ తర్వాత ఫోను పెట్టేసిన చప్పుడు.

తడి ఇసుక... చేతివేళ్ళకు చల్లగా.

నీళ్ళు ఊరాయి. మొదటివి పారబోశాను. మట్టి దిగింది. ముఖం కనిపించింది — నాది కాదు. గడపలో, చంకన బిందెతో నిలబడ్డ పిల్లది.

నాలుక మీద ఒక చుక్క వేసుకున్నాను.

తియ్యగానే ఉంది. ఇప్పుడు తియ్యదనమంటేనే భయం.

ఆ నీళ్ళూ పారబోశాను. తర్వాత ఊరినవీ పారబోశాను. సముద్రం పక్కనే అరుస్తోంది. తోడుతున్నాను... పారబోస్తున్నాను... ఇంకా తోడుతూనే ఉన్నాను —