కంప్యూటర్‌కెక్కని పొలమారడం

యాభై ఏళ్ల మల్లక్క బడి మానాక హాజరు పుస్తకంలో సంతకం తప్ప ఏమీ రాసి ఎరగదు. అయిదో తరగతితోనే బడి ఆగింది. ఇప్పుడు వరంగల్ సుబేదారిలో రోగాల మీద పరిశోధన చేసే ఆఫీసులో ఊడుస్తుంది, బల్లలు తుడుస్తుంది, పది కొట్టేలోపు ప్రతి సైంటిస్టు ముందూ మంచినీళ్లు పెడుతుంది.

నీళ్లు లేకపోతే ఆ ఆఫీసు నడవదు. లోకంలో ఎక్కడ ఎవరు వీళ్ల పరిశోధనను పేరు పెట్టి రాసినా, ఇక్కడ వీళ్లకు పొలమారుతుంది, కంప్యూటర్లో లెక్క ఒకటి పెరుగుతుంది. పెద్దాయన రమాకాంత్ సార్‌కు గంటకోసారి. ఆయనకు గ్లాసు చాలదు, చెంబు పెట్టాలి.

"సార్ పప్పుచారు నిమ్మళంగ తాగి ఎన్నేండ్లయిందో, మల్లక్కా" అంటాడు గుమాస్తా ఓంప్రకాశ్. "ముద్ద దిగనిస్తలేరు జనం."

హెప్సిబా మేడంకు మాత్రం తొమ్మిదేళ్లలో పదిహేడు సార్లే. చివరి మూడుసార్లు నడినెత్తిన తట్టింది మల్లక్కే.

మేడం రాసింది మిరప చేలల్లో మందు కొట్టే ఆడవాళ్ల రక్తం గురించి. పాలకుర్తి వైపు ఊళ్లకు బస్సుల్లో తిరిగి తెచ్చిన రక్తం. తేలిన సంగతి మళ్లీ పోయి వాళ్లకు చెప్పింది కూడా. అందులో మల్లక్కది ఒకటి. పేపర్లో ఆమె ఒక నంబరు. మేడం మాట విని మందు కొట్టడం మానేసింది. చేతుల వణుకు తగ్గాక వరంగల్ వచ్చి ఈ పనికి కుదిరింది. ఆ మాట మేడంతో అనడానికి నాలుగేళ్లుగా నోరు రాలేదు.

ఆ గురువారం నాలుగింటికి కమిటీ. మేడంకు పై పోస్టు రావాలంటే పొలమారిన లెక్క ఇరవై అయిదుండాలి. మధ్యాహ్నం రమాకాంత్ సార్ మేడం గదికి వచ్చాడు.

"హెప్సిబమ్మా, నా దగ్గర పీహెచ్‌డీ చేసేటోళ్లు ఎనిమిది మంది ఉన్నరు. ఒక్క ఫోన్ కొడితే అందరూ తమ పేపర్లల్ల నీ పేరు ఎక్కిస్తరు. ఇయ్యాల్నే ఇరవై అయిదు."

"నేనేం చెయ్యాలె సార్?"

"నీ కొత్త పేపర్ల నా పేరు ముందట పెట్టు. గంతే."

"మీరు ఎన్నడన్న ఆ చేన్లకు వచ్చిండ్రా సార్?"

"నాకు ఎండ పడదమ్మా."

 ఆ కొత్త పేపరు వెనక మేడం అయిదేళ్లుగా తిరిగి తెచ్చిన రక్తం ఉంది. అయినా సార్ చాచిన ఒప్పుకోలు కాగితం అందుకుని, "సంతకం పెట్టి పంపిస్త సార్" అంది. ఆ గొంతు విని తలుపు బయట స్టూలు మీద కూర్చుని తింటున్న మల్లక్క అన్నం డబ్బా మూసేసింది. లోపలికి పోదామని లేచింది. గడప దాకా పోయి ఆగింది. వెనక్కి తిరిగి ఓంప్రకాశ్‌ను పెన్ను అడిగింది.

"నీకెందుకు పెన్ను? లీవ్ లెటరా?"

"ఇయ్యి బిడ్డా, జర."

చిత్తు కాగితం వెనక, అక్షరానికో ఊపిరి పీలుస్తూ రాసింది. 'మందు కొట్టినంక నా చెయ్యి వణికేది. ముసలితనం కాదు, మందేనని హెప్సిబా మేడం రాసింది.'

లోపల మేడంకు పొలమారింది.

మల్లక్క పెన్ను ఆపలేదు. 'ఇడిచిపెడితే తగ్గుతదని హెప్సిబా మేడం రాసింది. ఇడిచిపెట్టిన. తగ్గింది.'

ఈసారి మేడం చేతిలో పెన్ను జారి కింద పడేంత పొలమారింది. ఓంప్రకాశ్ పరుగున పోయి కంప్యూటర్ చూశాడు.

"ఇంకా పదిహేడే ఉన్నది మేడం. ఎవరూ ఎక్కలే."

"ఉన్నరు ఎవరో" అంది మేడం, కళ్ల నీళ్లు తుడుచుకుంటూ. "ఫోన్ కొట్టకుండనే రాస్తాండ్రు."

 పెన్ను వంగి తీసుకోలేదు. సంతకం లేని కాగితాన్ని సార్ గదికి తిప్పి పంపింది.

కమిటీ కంప్యూటర్ చూసింది, పదిహేడని రాసుకుంది. పై పోస్టు రాలేదు. కొత్త పేపరు మాత్రం మేడం పేరుతోనే పోయింది.

మర్నాడు పొద్దున మల్లక్క సెలవు పెట్టి పాలకుర్తి బస్సెక్కింది. ఊరి చేలో ఆడవాళ్లు మందు పంపులు వీపుకెత్తుకుంటున్నారు. తను రాసిన కాగితాన్ని తన చెల్లెలు యమున చేతిలో పెట్టింది. యమున పెదాలు కదుపుతూ రెండుసార్లు చదివింది. తర్వాత తన వేళ్ల వంక చూసుకుంది.

"నాది గూడ రాయే అక్కా" అంటూ పంపు దించి కింద పెట్టింది.

మల్లక్క గట్టు మీద కూర్చుని రెండో కాగితం మొదలుపెట్టింది.