కౌంటరు వెనక కుర్చీ

మార్చి నెల రెండో మంగళవారం ఉదయం ఫర్నిచరు దుకాణంలో జరిగిన తనిఖీకి హాజరైనవారు: అందరూ పెద్దక్క అని పిలిచే మేనేజరు, ఆరో నెల గర్భిణి అయిన క్యాషియరు, గోడౌను చూసుకునే ముసలాయన, ప్రధాన కార్యాలయం నుంచి చెప్పాపెట్టకుండా ఊడిపడిన ఏరియా అధికారి.

తనిఖీకి కారణం ఒక ఉత్తర్వు. కౌంటరు వెనక ఎవరూ కూర్చోరాదు. కూర్చున్న మనిషిని చూస్తే కొనేవారికి బద్ధకం అంటుకుంటుందని పైవాళ్ల సిద్ధాంతం. ఎక్కువసేపు నిలబడితే ప్రమాదమని క్యాషియరుకు డాక్టరు చెప్పి ఉన్నాడు. కనుక ఆ ఉత్తర్వు ఉద్యోగం మానుకోమన్న మాటతో సమానం. ఆ జీతం మీదే ఆమె ఇల్లు నడుస్తోంది. మినహాయింపు కోరుతూ పెద్దక్క ఎన్నిసార్లు రాసినా, "మీ సూచనకు ధన్యవాదాలు" అన్న జవాబే వచ్చింది. ఇంకొక మనిషిని ఇవ్వరు, ఉన్న మనిషిని కూర్చోనివ్వరు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు.

అందుకని పెద్దక్క, అమ్మకానికున్న చేతుల కుర్చీ ఒకటి కౌంటరు వెనక వేయించి, ధరచీటీ బయటికి వేలాడేటట్లు సర్ది, క్యాషియరును అందులో కూర్చోబెట్టింది.

అధికారి చూపు తిన్నగా దాని మీదే పడింది.

"ఏంటమ్మా ఇది? ఆర్డరు చదవలేదా?"

"చదివాను సార్. అమ్మాయి కూర్చోలేదు, సరుకు చూపిస్తోంది."

"నాకు కూర్చున్నట్టే కనబడుతోందే!"

"అదే కదండీ సరుకు గొప్పతనం," అన్నాడు ముసలాయన, తుడిచిన బల్లనే మళ్లీ తుడుస్తూ.

అధికారి నోరు తెరిచేలోగా ఒక పెద్దావిడ లోపలికి వచ్చి, క్యాషియరును ఎగాదిగా చూసింది. "ఈ పిల్ల ఎంత హాయిగా కూర్చుందో! ఆ కుర్చీయే ఇచ్చెయ్యండి. నడుంనొప్పని మా ఆయన నా ప్రాణం తోడేస్తున్నాడు."

ఆ రకంలో మిగిలింది అదొక్కటే. క్యాషియరు లేచి, నడుము మీద చెయ్యి వేసుకుని నిలబడింది. కుర్చీ గుమ్మం దాటింది.

"చూశారా, గొడవ వదిలింది," అన్నాడు అధికారి.

పెద్దక్క దుకాణమంతా కలయజూసింది. అన్నీ సోఫాలు, మంచాలు. అద్దం పక్కన మాత్రం, ధర చూసి జనం దణ్ణం పెట్టి వెళ్లిపోయే ఊగే కుర్చీ ఒకటి ఉంది.

"మావయ్యా, దాన్ని ఇటు పట్టు," అంది ముసలాయనతో.

"కౌంటరు వెనక్కా? పిల్ల గల్లాపెట్టెతో దాగుడుమూతలాడాలా?"

"ఆడనీ."

క్యాషియరు కూర్చుంది. ఒకసారి ముందుకు ఊగి డబ్బు అందుకుంది, వెనక్కి వెళ్లి, మళ్లీ ముందుకొచ్చి చిల్లర ఇచ్చింది. ఈలోగా డబ్బు కట్టడానికి వరుసలో చేరినవాళ్లు పకపకా నవ్వారు. ఒకాయన తానూ ఊగి చూస్తానన్నాడు, చూశాడు, దిగనని భీష్మించాడు. చివరికి అలాంటిదే ఇంకొకటి గోడౌనులోంచి ఇంటికి పంపమన్నాడు.

అధికారి ముఖం చేటంత అయింది. ఆ కుర్చీలు తెప్పించమని సలహా ఇచ్చింది ఆయనే. తన ఏరియాలో ఒక్కటీ అమ్ముడుపోక పైవాళ్ల చేత చీవాట్లు తింటున్నదీ ఆయనే.

"ఎవరైనా కూర్చుని చూపిస్తే పోతాయని నేను మొదట్నించీ అంటూనే ఉన్నా!"

"అన్నారు సార్," అంది పెద్దక్క, నవ్వును పెదవి దాటనివ్వకుండా. "కాగితం మీద లేకపోతే రేపింకెవరో వచ్చి లేపేస్తారు."

ఆయన అక్కడికక్కడే రాశాడు: కౌంటరులో పనిచేయువారు ఆ కుర్చీయందే కూర్చుని ఉండవలెను.

"కాళ్లు తిమ్మిరెక్కితే కాసేపు నిలబడొచ్చా సార్?" అమాయకంగా అడిగింది క్యాషియరు.

"కాసేపే! తర్వాత కూర్చోవాల్సిందే."

"కాన్పయి తిరిగొచ్చాక?"

"అప్పుడూ అంతే! క్రమశిక్షణ ముఖ్యం."

ముసలాయన దగ్గు వచ్చినట్టు నటిస్తూ గోడౌనులోకి పారిపోయాడు. అధికారి సంతకం చేశాడు; కింద పెద్దక్క చేసింది. సిరా ఆరేదాకా ఆగి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, సొరుగులో దాచి తాళం వేసింది.